ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు: బ్యాటరీ దూరం ఎంత, నిత్య ప్రయాణికుడికి గిట్టుబాటు ఎంత?

పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటి తెలుగు రాష్ట్రాలలో చాలా కాలమైంది. ఉద్యోగరీత్యా రోజూ ముప్పై, నలభై కిలోమీటర్లు కారులో తిరిగే కుటుంబాలకు ఇంధన వ్యయం ఇంటి అద్దె, పిల్లల ఫీజుల సరసన నిలిచే నెలవారీ భారంగా మారింది. పూర్తి విద్యుత్ కారు కొంటే ఈ భారం తగ్గుతుందని తెలిసినా, పండుగకు సొంత ఊరికి వెళ్లే దారిలో ఛార్జింగ్ దొరుకుతుందో లేదోనన్న సంశయం చాలామందిని వెనక్కు లాగుతోంది. ఆఫీసుకు కరెంటుతోనూ, ఊరికి పెట్రోలుతోనూ వెళ్లవచ్చునన్న హామీతో ఈ రెండు వర్గాల నడుమ నిలిచిన వాహనమే ప్లగ్-ఇన్ హైబ్రిడ్. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్లుందని విమర్శించేవారూ ఉన్నారు, రెండు విధాలా ఆదుకుంటుందని మెచ్చుకునేవారూ ఉన్నారు. ఎవరి మాట నిజమన్నది కారు యజమాని రోజువారీ ప్రయాణ దూరం, రాత్రివేళ కారు నిలిపే చోటు, కొనుగోలు ధర అనే మూడు అంశాల మీద ఆధారపడి ఉంటుంది.

హైబ్రిడ్‌లలో రకాలు

హైబ్రిడ్ అనే పేరుతో మార్కెట్లో లభించే కార్లన్నీ ఒకటి కావు. మైల్డ్ హైబ్రిడ్‌లో విద్యుత్ మోటారు ఇంజనుకు చేయూత మాత్రమే ఇస్తుంది. కారును తానుగా నడపలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మోటారు కొద్ది దూరం, తక్కువ వేగంలో కారును స్వయంగా నడపగలదు. అయితే దాని బ్యాటరీ చాలా చిన్నది. సామర్థ్యం సాధారణంగా ఒకటి రెండు యూనిట్లకు మించదు. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తి నుంచి, ఇంజను నుంచి అది ఛార్జ్ అవుతుంది. గోడకున్న సాకెట్‌తో దానికి సంబంధం లేదు. మన దేశంలో టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, హోండా సిటీ వంటి కార్లలో లభిస్తున్నది ఈ స్ట్రాంగ్ హైబ్రిడ్ పరిజ్ఞానమే.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ అంతకు పది, పదిహేను రెట్లు పెద్దది. ఇంట్లోనో, ఆఫీసులోనో సాకెట్‌కు తగిలించి దానిని ఛార్జ్ చేసుకోవచ్చు. బ్యాటరీ నిండుగా ఉన్నంతవరకు కారు ప్రధానంగా కరెంటుతో నడుస్తుంది. అది అయిపోగానే పెట్రోలు ఇంజను బాధ్యత తీసుకుంటుంది. అక్కడి నుంచి కారు మామూలు స్ట్రాంగ్ హైబ్రిడ్ వలె ప్రవర్తిస్తుంది. పూర్తి విద్యుత్ కారులో ఇంజను, పెట్రోలు ట్యాంకు ఉండవు. బ్యాటరీ మాత్రం మరింత పెద్దది.

చిన్న అడుగులతో మొదలై

భారీ స్థాయిలో తయారైన తొలి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారును చైనా సంస్థ బీవైడీ 2008 డిసెంబరులో ఎఫ్3డీఎం పేరుతో విడుదల చేసింది. 2010 డిసెంబరులో అమెరికాలో షెవర్లే వోల్ట్ రంగప్రవేశం చేసింది. దాని ధర 41,000 డాలర్లు. బ్యాటరీ సామర్థ్యం 16 యూనిట్లు కాగా, బ్యాటరీ ఆయుష్షును కాపాడేందుకు అందులో సుమారు పదిన్నర యూనిట్లను మాత్రమే వాడుకునేలా రూపొందించారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం అది కరెంటుతో 35 మైళ్లు, అంటే 56 కిలోమీటర్లు నడిచేది. 2016 నమూనా నాటికి ఈ దూరం 85 కిలోమీటర్లకు చేరినా, ఆదరణ తగ్గడంతో 2019లో వోల్ట్ ఉత్పత్తి నిలిచిపోయింది.

టొయోటా ప్రియస్ చరిత్ర ఈ రంగం ప్రగతికి చక్కని కొలమానం. 2012లో వచ్చిన ప్లగ్-ఇన్ ప్రియస్ బ్యాటరీ 4.4 యూనిట్లు, విద్యుత్ దూరం 18 కిలోమీటర్లు. 2017 నమూనాలో అవి 8.8 యూనిట్లు, 40 కిలోమీటర్లు అయ్యాయి. 2023లో 13.6 యూనిట్ల బ్యాటరీతో 71 కిలోమీటర్లకు పెరిగాయి. పదకొండేళ్లలో బ్యాటరీ మూడు రెట్లు పెరిగితే, దూరం దాదాపు నాలుగు రెట్లు పెరిగింది. బ్యాటరీ పరిమాణంతో పాటు మోటారు, కారు ఆకృతి కూడా మెరుగుపడటమే ఇందుకు కారణం.

భారతదేశానికి ఈ పరిజ్ఞానం విలాసవంతమైన కార్ల రూపంలోనే వచ్చింది. 2015లో బీఎండబ్ల్యూ ఐ8 సుమారు 2.29 కోట్ల రూపాయల షోరూం ధరతో, 2016లో వోల్వో ఎక్స్‌సీ90 టీ8 సుమారు 1.25 కోట్ల రూపాయలతో విడుదలయ్యాయి. 2022 డిసెంబరులో వచ్చిన బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం ధర 2.60 కోట్ల రూపాయలు. మధ్యతరగతి ఉద్యోగి కొనగలిగే ధరలో ఈ తరహా కార్లు 2025 వరకు దేశంలో విరివిగా అందుబాటులోకి రాలేదు. చైనాలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ 2024 మేలో విడుదలైన బీవైడీ క్విన్ ఎల్ ధర 99,800 యువాన్ల నుంచి మొదలైంది. అప్పటి మారకపు విలువ ప్రకారం అది సుమారు 11.5 లక్షల రూపాయలు.

కాగితం మీది దూరం, రోడ్డు మీది దూరం

ప్రకటనలలో కనిపించే విద్యుత్ దూరాన్ని ఏ పరీక్ష ప్రకారం కొలిచారన్నది మొదట గమనించవలసిన విషయం. ఐరోపాలో ఒకప్పుడు అమలైన ఎన్‌ఈడీసీ పరీక్ష చాలా ఉదారమైనది. ఇప్పటి డబ్ల్యూఎల్‌టీపీ కొంత వాస్తవానికి దగ్గరైనది. అమెరికా పరీక్ష మరింత కఠినమైనది. 12 యూనిట్ల బ్యాటరీ ఉన్న మిత్సుబిషి ఔట్‌ల్యాండర్‌కు ఎన్‌ఈడీసీ ప్రకారం 50 కిలోమీటర్లకు పైగా దూరం చెప్పగా, అమెరికా పరీక్షలో అది 35 కిలోమీటర్లుగా తేలింది. 2023 ప్రియస్‌కు అమెరికా లెక్క 71 కిలోమీటర్లయితే, ఐరోపా లెక్క 86 కిలోమీటర్లు.

మన రోడ్ల మీద ఎయిర్ కండిషనర్ వాడకాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేసవిలో అది ఒకటి నుంచి రెండు కిలోవాట్ల శక్తిని నిరంతరం వాడుతుందనుకుంటే, ట్రాఫిక్‌లో గడిపే రెండు గంటలకు రెండు నుంచి నాలుగు యూనిట్లు ఖర్చవుతాయి. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు నడిచే కారులో ఇది 12 నుంచి 24 కిలోమీటర్ల దూరానికి సమానం. వాహనాల రద్దీలో ఆగి ఆగి నడిచినప్పుడు మోటారుకు కలిగే నష్టం తక్కువే. బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తి తిరిగి బ్యాటరీకి చేరుతుంది. కానీ ఎయిర్ కండిషనర్ మాత్రం కారు కదిలినా, కదలకపోయినా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. అందువల్ల ప్రకటిత దూరంలో నాలుగింట మూడు వంతులనే నమ్మకమైన దూరంగా భావించుకోవడం విజ్ఞత.

ఈ లెక్కన 71 కిలోమీటర్ల కారు నిజానికి 53 కిలోమీటర్లు ఇస్తుందనుకోవచ్చు. సికింద్రాబాద్ నుంచి హైటెక్ సిటీకి రానుపోను సుమారు 40 కిలోమీటర్లు. ఆ ఉద్యోగికి ఒక్క రాత్రి ఛార్జింగ్ సరిపోతుంది. విజయవాడ, గుంటూరుల మధ్య రోజూ తిరిగేవారికి రానుపోను సుమారు 70 కిలోమీటర్లు. వారు ఆఫీసు దగ్గర మరోసారి ఛార్జ్ చేయకపోతే, తిరుగు ప్రయాణంలో ఇంజను తప్పక పనిచేస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయేతర కార్మికులు, ఉద్యోగులలో అత్యధికుల పని ప్రదేశం ఇంటికి పది కిలోమీటర్ల లోపే ఉంది. కనుక దూరం దృష్ట్యా చూస్తే, నేటి ప్లగ్-ఇన్ బ్యాటరీ నగర ప్రయాణికులలో ఎక్కువమందికి చాలినంతే.

ఏడాది ఖర్చు ఎంత?

నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. పెట్రోలు లీటరు 107 రూపాయలు, ఇంటి కరెంటు యూనిట్ 8 రూపాయలు అనుకుందాం. స్లాబులను బట్టి కరెంటు ధర మారుతుంది. నెలవారీ వాడకం పెరిగితే పై స్లాబు వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే మామూలు పెట్రోలు కారుకు ఏడాదికి 800 లీటర్లు, 85,600 రూపాయలు అవుతుంది. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 600 లీటర్లు, 64,200 రూపాయలు. ప్రతిరాత్రి ఛార్జ్ చేసుకుని మొత్తం కరెంటుతోనే తిరిగే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు యూనిట్‌కు ఆరు కిలోమీటర్ల చొప్పున 2,000 యూనిట్లు, అంటే 16,000 రూపాయలు చాలు.

అదే కారును సగం దూరం మాత్రమే కరెంటుతో నడిపితే ఖర్చు 43,700 రూపాయల దాకా వెళ్తుంది. అసలు ఛార్జ్ చేయకపోతే, బరువైన బ్యాటరీని మోసుకు తిరగడం వల్ల మైలేజీ లీటరుకు 18 కిలోమీటర్లకు తగ్గుతుందనుకున్నా, ఖర్చు 71,300 రూపాయలు. అంటే ఛార్జ్ చేయని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంతకంటే తక్కువ ధర గల స్ట్రాంగ్ హైబ్రిడ్ కన్నా ఎక్కువ తాగుతుంది.

ఇప్పుడు కొనుగోలు ధరలోని తేడా చూద్దాం. అమెరికాలో 2023లో మామూలు హైబ్రిడ్ ప్రియస్ ప్రారంభ ధర 27,450 డాలర్లు, ప్లగ్-ఇన్ ప్రియస్ ధర 32,350 డాలర్లు. తేడా 4,900 డాలర్లు, అంటే అప్పటి విలువలో సుమారు నాలుగు లక్షల రూపాయలు. ఇదే తేడా మన దగ్గరా ఉంటుందనుకుంటే, రోజూ ఛార్జ్ చేసుకునేవారికి స్ట్రాంగ్ హైబ్రిడ్‌తో పోలిస్తే ఏటా 48,200 రూపాయలు మిగులుతాయి. అదనపు పెట్టుబడి తిరిగి రావడానికి ఎనిమిదేళ్లకు పైగా పడుతుంది. సగం దూరమే కరెంటుతో నడిపేవారికి ఏటా మిగిలేది 20,500 రూపాయలే. వారికి దాదాపు ఇరవై ఏళ్లు కావాలి. అప్పటికి కారే ఉండదు. అప్పు మీద కొన్నవారికి వడ్డీ భారం దీనికి అదనం. అయితే రోజుకు 40 కిలోమీటర్ల కంటే ఎక్కువ తిరుగుతూ, రెండుపూటలా ఛార్జ్ చేసుకోగలిగినవారికి ఈ గడువు వేగంగా తగ్గుతుంది.

ఐరోపా నేర్పిన పాఠం

ఈ లెక్కలు ఊహాజనితం కావని ఐరోపా అనుభవం చెబుతోంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల ప్రయాణంలో ఎక్కువ భాగం కరెంటుతోనే సాగుతుందన్న అంచనాతో అక్కడి అధికారిక పరీక్షలు చాలా తక్కువ ఉద్గారాలను చూపేవి. ఆ అంకెల ఆధారంగా ప్రభుత్వాలు రాయితీలిచ్చాయి. 2021లో రోడ్డెక్కిన కార్లలోని ఇంధన మీటర్ల వివరాలను సేకరించి ఐరోపా కమిషన్ 2024 మార్చిలో నివేదిక వెలువరించింది. మామూలు పెట్రోలు, డీజిలు కార్ల ఉద్గారాలు అధికారిక అంకె కంటే సుమారు 20 శాతం ఎక్కువ ఉండగా, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లవి ఏకంగా మూడున్నర రెట్లు ఉన్నాయి. కార్లను తగినంతగా ఛార్జ్ చేయకపోవడమే ప్రధాన కారణమని తేలింది. ఇంధన బిల్లును యాజమాన్యం చెల్లించే కంపెనీ కార్లలో ఈ ధోరణి మరింత ఎక్కువని ఇతర అధ్యయనాలూ పేర్కొన్నాయి. తన జేబు నుంచి పెట్రోలు డబ్బు పోనివారికి సాకెట్ దాకా వెళ్లే అవసరం కనిపించదు.

దీనితో ప్రభుత్వాలు పద్ధతి మార్చుకున్నాయి. బ్రిటన్ 2018 నవంబరులోనే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల కొనుగోలు రాయితీని ఎత్తివేసింది. 2025 నుంచి, తిరిగి 2027 నుంచి విద్యుత్ ప్రయాణ అంచనాను తగ్గించేలా ఐరోపా సమాఖ్య నిబంధనలు సవరించింది. చైనా మరో దారి ఎంచుకుంది. 2026 జనవరి నుంచి కొనుగోలు పన్ను రాయితీ పొందాలంటే కారు కరెంటుతో కనీసం 100 కిలోమీటర్లు నడవాలని షరతు విధించింది. అంతకుముందు ఈ పరిమితి 43 కిలోమీటర్లే.

పన్ను చూపే తేడా

మన దేశంలో ధరను ఎక్కువగా ప్రభావితం చేసేది పన్ను. 2017 జులైలో జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు పెద్ద హైబ్రిడ్ కార్లపై 28 శాతం పన్ను, 15 శాతం సెస్సు కలిపి 43 శాతం పడేది. విద్యుత్ కార్లపై పన్నును 2019 ఆగస్టులో 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన కొత్త రేట్లలో 1,200 సీసీ ఇంజను, నాలుగు మీటర్ల పొడవు మించని పెట్రోలు హైబ్రిడ్‌లకు 18 శాతం, అంతకంటే పెద్దవాటికి 40 శాతం ఖరారయ్యాయి. విద్యుత్ కార్లకు 5 శాతమే కొనసాగింది.

పన్నుకు ముందు 20 లక్షల రూపాయల విలువైన రెండు కార్లను పోల్చితే, విద్యుత్ కారుపై పన్ను లక్ష రూపాయలు, పెద్ద హైబ్రిడ్‌పై 8 లక్షలు. ఈ 7 లక్షల తేడాను ఏళ్ల తరబడి పెట్రోలు ఆదా చేసినా పూడ్చుకోవడం కష్టం. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకం వ్యక్తిగత కార్లకు రాయితీ ఇవ్వదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. ఉత్తరప్రదేశ్ మాత్రం 2024 జులైలో స్ట్రాంగ్, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకూ రిజిస్ట్రేషన్ పన్ను మినహాయింపు ప్రకటించింది. కొనేముందు సొంత రాష్ట్రంలోని నిబంధన ఏ తరహా వాహనానికి వర్తిస్తుందో రవాణా శాఖ కార్యాలయంలో నిర్ధారించుకోవడం అవసరం.

ఛార్జింగ్, బ్యాటరీ ఆయుష్షు

ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు ఉన్న గొప్ప సౌలభ్యం దానికి ప్రత్యేక ఛార్జర్ అంతగా అవసరం లేకపోవడం. గీజరుకు వాడే 15 ఆంపియర్ల సాకెట్ నుంచి సుమారు మూడు కిలోవాట్లు లభిస్తాయి. 13.6 యూనిట్ల బ్యాటరీ దానితో సుమారు ఐదు గంటల్లో నిండుతుంది. అయితే సరైన ఎర్తింగ్, తగిన మందం గల వైరింగ్ తప్పనిసరి. మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడటం ప్రమాదకరం. ఈ కార్లలో చాలావాటికి వేగవంతమైన డీసీ ఛార్జింగ్ సదుపాయం ఉండదు. జాతీయ రహదారి పక్కన ఉండే ఛార్జింగ్ కేంద్రాలు వాటికి పెద్దగా ఉపయోగపడవు.

సొంత ఇల్లు లేనివారికి, అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి చిక్కు ఇక్కడే వస్తుంది. 2019లో కేంద్రం సవరించిన నమూనా భవన నిబంధనలు కొత్త కట్టడాల పార్కింగ్‌లో 20 శాతం విద్యుత్ వాహనాలకు అనువుగా ఉండాలని సూచించాయి. వాహన ఛార్జింగ్ కోసం వినియోగదారుడు ప్రత్యేక కనెక్షన్ కోరవచ్చునని 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు స్పష్టం చేశాయి. పాత భవనాలలో మాత్రం ఇప్పటికీ సంఘం సమ్మతి, మీటరు నుంచి పార్కింగ్ వరకు వైరు ఖర్చు ఎవరిదన్నది చర్చనీయాంశాలే.

బ్యాటరీ మన్నికలో ఒక సూక్ష్మం ఉంది. 60 యూనిట్ల బ్యాటరీ ఉన్న విద్యుత్ కారులో రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే వారానికి ఒకసారి ఛార్జ్ చేస్తే సరిపోతుంది. చిన్న బ్యాటరీ గల ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో అదే దూరానికి దాదాపు పూర్తి బ్యాటరీ రోజూ ఖాళీ అయి, రోజూ నిండాలి. ఏడాదికి మూడు వందల ఆవృత్తులు పూర్తవుతాయి. అందుకే తయారీదారులు బ్యాటరీలో కొంత భాగాన్ని వాడకుండా అట్టిపెడతారు. ఎనిమిదేళ్ల బ్యాటరీ వారంటీ ఈ రంగంలో సాధారణం. ఇక ఇంజను ఉన్నందున ఆయిల్ మార్పు, సర్వీసింగ్ తప్పవు. నెలల తరబడి ఇంజను వాడకపోతే ట్యాంకులోని పెట్రోలు పాతబడకుండా అప్పుడప్పుడు దానిని నడిపించాలి. కొన్ని కార్లు ఈ పని తామే చేసుకుంటాయి.

పర్యావరణ కోణం

దేశంలో ఒక యూనిట్ విద్యుత్ ఉత్పత్తికి సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. యూనిట్‌కు ఆరు కిలోమీటర్ల లెక్కన ఇది కిలోమీటరుకు సుమారు 117 గ్రాములు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోలు వెలువడుతుంది; 20 కిలోమీటర్లు ఇచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు అది కిలోమీటరుకు 115 గ్రాములు. రెండూ దాదాపు సమానమే. బొగ్గు వాటా తగ్గి సౌర, పవన విద్యుత్ పెరిగే కొద్దీ కరెంటు కారు పొగ తగ్గుతూ పోతుంది. పెట్రోలు కారుది తగ్గదు. నగర వీధుల్లో పొగ లేకపోవడం, 85 శాతానికి పైగా దిగుమతి మీద ఆధారపడిన ముడిచమురు ఆదా కావడం అదనపు ప్రయోజనాలు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పుపై మూడు కిలోవాట్ల సౌర ఫలకాలకు 78,000 రూపాయల రాయితీ లభిస్తోంది. పై ఉదాహరణలోని ఉద్యోగి కారుకు నెలకు కావలసింది 167 యూనిట్లే. పగటి సౌర విద్యుత్తును గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి తిరిగి తీసుకునే నెట్ మీటరింగ్ ఉన్న ఇంటికి లెక్క మరింత అనుకూలంగా ఉంటుంది.

ఎవరికి తగినది?

రాత్రివేళ కారు నిలిపే చోట సాకెట్ ఉండి, రోజుకు 30 నుంచి 50 కిలోమీటర్లు తిరుగుతూ, ఏడాదిలో పలుమార్లు దూర ప్రయాణాలు చేసే ఒకే కారు కుటుంబానికి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ చక్కగా అమరుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు 275 కిలోమీటర్లు వెళ్లేటప్పుడు సంక్రాంతి రద్దీలో ఛార్జింగ్ కోసం వరుసలో నిలబడే పని వారికి ఉండదు.

రోజుకు పది, పదిహేను కిలోమీటర్లు మాత్రమే తిరిగేవారికి ఇంధనంలో మిగిలేది తక్కువ. అదనపు ధర వారికి తిరిగి రాదు. సాకెట్ లేనివారికి స్ట్రాంగ్ హైబ్రిడ్ మేలు. ఇంట్లో మరో పెట్రోలు కారు ఉన్నవారికి, దూర ప్రయాణాలు అరుదైనవారికి 5 శాతం పన్నుతో వచ్చే పూర్తి విద్యుత్ కారే లాభదాయకం.

కొనుగోలుకు ముందు ఒక నెలపాటు రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నదీ రాసిపెట్టుకోవడం, పార్కింగ్ స్థలంలో ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ పరీక్ష చేయించడం, ప్రకటిత దూరం ఏ పరీక్ష ప్రకారమో అడిగి తెలుసుకోవడం, బ్యాటరీ వారంటీ షరతులను కాగితం మీద తీసుకోవడం అవసరం. నెల తరువాత ఆ పుస్తకంలోని అంకెలు, కరెంటు బిల్లు, షోరూం ధర పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఏ కారు కొనాలో ఎవరూ చెప్పనవసరం ఉండదు.